తలుపు రెక్క ఎటు తెరుచుకోవాలి?

సందేహాలు - సమాధానాలు

ఈసారి ఉత్తరాలన్నీ వేలూరు, గుడియాత్తం వైపు నుంచి వచ్చాయి. అన్నిటిలోనూ ఒకటే బాధ: నలుగురు తిరిగే భవనంలో మనిషికి మరుగు లేకపోవడం.

అమ్మకు అరవై రెండేళ్లు. గర్భసంచి జారి రెండేళ్లుగా ఎవరికీ చెప్పుకోలేక బాధపడుతోంది. మొన్న వేలూరులో ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మకు తెలుగు రాదు. తలుపు దగ్గర నిలబడ్డ ఆయా ప్రతి ప్రశ్నా తెలుగులో గట్టిగా అడిగింది. బయట బెంచీ మీద మా వీధివాళ్లే ఇద్దరున్నారు. అమ్మ అన్నిటికీ "ఏం లేదు" అని వచ్చేసింది. తప్పు ఆయాదా, ఆ గదిదా? — ఒక కూతురు, గుడియాత్తం

గదిదేనమ్మా. మీ అమ్మగారికి వినబడాలని ఆయా గొంతు పెంచింది. ఆ మాట బెంచీ దాకా పోకుండా గోడ ఆపాలి. చాలాచోట్ల పెద్ద హాలును ప్లైవుడ్ పార్టిషన్లతో గదులుగా విడగొడతారు. ఆ పార్టిషన్ ఏడడుగుల దగ్గరో, ఫాల్స్ సీలింగ్ దగ్గరో ఆగిపోతుంది. పైనున్న ఖాళీలోంచి మాట పక్క గదిలోకి దిగుతుంది. తెరగుడ్డ కడితే చూపు ఆగుతుంది గానీ మాట ఆగదు. పార్టిషన్ శ్లాబు దాకా లేవాలి, తలుపు కింద సందు మూయాలి, బెంచీలు తలుపుకు పదడుగులైనా ఎడంగా, పక్కకు తిరిగి ఉండాలి.

ఆంధ్ర-తమిళనాడు సరిహద్దు ఊళ్లలో ఇంకో సంగతి ఉంది. చిత్తూరు, పలమనేరు నుంచి తెలుగువాళ్లు వైద్యానికి వేలూరే వస్తారు. డాక్టరుది ఒక భాష, రోగిది ఒక భాష అయితే ప్రతి మాటా రెండుసార్లు పలుకుతుంది. అందుకే పరీక్ష గదిలో మూడో కుర్చీ కావాలి. మాట మార్చి చెప్పే మనిషి తలుపు దగ్గర నిలబడకుండా రోగి పక్కన కూర్చుంటే మెల్లగా చెప్పినా సరిపోతుంది. ఆస్పత్రి ప్లాను నా ముందుకు వస్తే ఆ కుర్చీకి చోటుందా అని ముందు చూస్తాను.

ఖర్చు లేని మార్పు కూడా ఒకటుంది. పరీక్ష బల్ల ఎటువైపు గోడకు ఉందో తలుపు కీళ్లు అటువైపే ఉండి, రెక్క లోపలికి తెరుచుకోవాలి. అప్పుడు ఎవరైనా తలుపు సగం తీసినా బల్లకు రెక్కే అడ్డు నిలుస్తుంది. కీళ్లు అవతలివైపు ఉంటే జానెడు తీసినా బల్ల కనిపిస్తుంది.

వేలూరులో పెద్ద వైద్యం మొదలైందే ఇలాంటి చిక్కుతో. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు భార్యల కాన్పు కష్టమైందని ఐడా స్కడర్ అనే అమ్మాయి దగ్గరికి వచ్చారు. ఆమె అప్పటికి డాక్టరు కాదు. డాక్టరైన వాళ్ల నాన్నను తీసుకెళ్లమంటే, పరాయి మగవాడు చూడకూడదన్నారు. తెల్లారేసరికి ఆ ముగ్గురు తల్లులూ పోయారు. ఆమె అమెరికా వెళ్లి 1899లో కార్నెల్‌లో వైద్యపట్టా పుచ్చుకుంది. తిరిగొచ్చి 1902లో వేలూరులో నలభై పడకల షెల్ ఆస్పత్రి తెరిచింది. మరుగు పేరు చెప్పి వైద్యం ఆపితే ప్రాణం పోతుంది. వైద్యం పేరు చెప్పి మరుగు తీసేస్తే రోగి నోరు విప్పదు. మీ అమ్మగారు "ఏం లేదు" అన్నది అందుకే.

ఆమెను మళ్లీ తీసుకెళ్లండి. తలుపు వేసి మాట్లాడాలని ముందే అడగండి, మొహమాటపడొద్దు. గర్భసంచి జారడానికి మంచి వైద్యం ఉంది.

నేను లుంగీలు నేస్తాను. మా బడి కమిటీలో సభ్యుణ్ని. కొత్త మరుగుదొడ్లు కడుతున్నారు. పాతవాటి తలుపులు ఆటస్థలం వైపు ఉన్నందుకు ఆడపిల్లలు మధ్యాహ్నం దాకా నీళ్లు తాగడమే మానేశారు. ప్లానులో ఏం చూడాలి? — గుడియాత్తం

ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో పిల్లలు దాహం చంపుకుంటున్నారంటే ఇది అత్యవసరమైన పని. మరుగుదొడ్డి అన్న పేరులోనే మరుగు ఉంది, కట్టేటప్పుడు ముందు మరిచిపోయేదీ అదే.

వాకిలికి ఎదురుగా ఒక మరుగు గోడ కట్టించండి. తలుపు తెరిచే ఉన్నా బయటివాళ్ల చూపు ఆ గోడకే తగలాలి. కానీ ఆ గోడ వెనక ఎవరైనా నక్కి ఉండేంత చీకటి మూల చేయకూడదు. పిల్లలు నడిచే దారి వరండాలోంచి కనిపించాలి, లోపల మాత్రం కనిపించకూడదు. అద్దాన్ని వాకిలికి ఎదురుగా బిగిస్తే మరుగు గోడ కట్టీ లాభం లేదు, ఆ అద్దంలోనే లోపలంతా కనబడుతుంది.

ప్లాను కాగితం నేల మట్టానికే గీస్తారు గనుక పైనుంచి పడే చూపు అందులో తెలియదు. పైకప్పు లేకుండా కట్టిన దొడ్లు మొదటి అంతస్తు వరండాలోంచి, మెట్ల మలుపులోంచి పూర్తిగా కనిపిస్తాయి. మీరే మేడ ఎక్కి నిలబడి చూడండి. గాలి కిటికీలు లోపలి నేల నుంచి ఏడడుగుల పైన ఉండాలి. గదుల మధ్య పార్టిషన్ కింద సందు వదలొద్దు. నెలసరి గుడ్డలు, ప్యాడ్లు వేసే డబ్బా ప్రతి గదిలోనూ ఉండాలి. బయట ఒక్కటే పెడితే వాడినదాన్ని చేత్తో పట్టుకుని అందరి ముందూ నడవాల్సి వస్తుంది.

గోడ లేవకముందే నలుగురు ఆడపిల్లలకు ఆ ప్లాను చూపించండి. మనకు తట్టనివి వాళ్లు చెబుతారు.

బస్టాండులో తల్లులు పాలిచ్చే గది ముందు కెమెరా బిగించారు. భద్రత కోసమే అంటున్నారు. ఇది సరైనదేనా? — వేలూరు

దారి మీద కెమెరా ఉండొచ్చు. తలుపు తెరిచినప్పుడు లోపలి కుర్చీ అందులో పడితే మాత్రం తప్పు. తమిళనాడు బస్టాండుల్లో ఈ గదులు 2015లో మొదలైందే తల్లికి చాటు ఇవ్వడానికి. మానిటర్ ముందు నిలబడి, ఒకరిచేత తలుపు తీయించి చూడమనండి, పది నిమిషాల్లో తేలిపోతుంది. ఏకాంతంలో ఉన్న స్త్రీని ఆమెకు తెలియకుండా చూడడం, చిత్రించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద నేరం.

మా పెరటి వెనక మూడంతస్తుల ప్రభుత్వ కార్యాలయం లేస్తోంది. కిటికీలన్నీ మా స్నానాల గది, బావి వైపే. గోడ ఇప్పుడు కిటికీ మట్టం దాకా వచ్చింది. జాలీ పెట్టించమని అడగనా? — గుడియాత్తం

జాలీ అడగకండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. చీకటిగా ఉన్నచోటు నుంచి వెలుతురులోకి బాగా కనిపిస్తుంది. పగలు జాలీ వెనకున్న ఉద్యోగికి మీ పెరడంతా కనిపిస్తుంది, మీకు మాత్రం ఆయన కనబడడు. జాలీ లోపలివాళ్లకే మరుగు.

మీకు కావలసింది కిటికీ అంచు ఎత్తు. గది నేల నుంచి ఆరడుగుల పైన మొదలైతే గాలీ వెలుతురూ వస్తాయి, నిలబడ్డ మనిషి చూపు మీ బావి మీద పడదు. అంత ఎత్తు కుదరదంటే ఏటవాలు పలకల కిటికీలు అడగండి. పలక బయటి అంచు పైకి లేచి ఉంటే లోపలివాళ్లకు ఆకాశం కనిపిస్తుంది గానీ కింద పెరడు కనిపించదు. పైన సన్‌షేడ్ తప్పనిసరి, లేకపోతే వాననీళ్లు లోపలికి జారతాయి.

చట్టం సంగతికి వస్తే, 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 18వ సెక్షనులో మీ బాధే ఉదాహరణగా ఉంది: పొరుగింటి మరుగు చెడేలా కొత్త కిటికీ తెరవకూడదన్న ఆచారం ఉన్న ఊళ్లో ఆ ఆచారం హక్కు అవుతుంది. అయితే మీ ఊళ్లో అలాంటి ఆచారం ఉందని సాక్ష్యంతో నిరూపించాలి, దానికి ఏళ్లు పట్టొచ్చు. ఇది ప్రభుత్వ భవనం కాబట్టి ఇంకో ఆధారమూ ఉంది. ఏకాంతం ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. మీ అర్జీలో ఆ తేదీ రాయండి.

అన్నిటికన్నా ముందు, కిటికీ చట్రాలు బిగించకముందే ఇంజనీరును మీ పెరట్లోకి పిలిచి, బావి దగ్గర నిలబెట్టి, పైకి చూడమనండి. ఈ దశలో ఇంకొన్ని వరసల ఇటుకలు ఎక్కువ పేర్చడం తాపీమేస్త్రికి పెద్ద పని కాదు.