కొత్తూరు జాగలో మొదటి గుంత



అల్లుడూ, కొత్తూరులో నీ ప్లాటు రిజిస్ట్రేషన్ అయిందని, ఇంటి నక్షా కూడా చేతికొచ్చిందని అక్క చెప్పింది. ఆ జాగలో ఎవరైనా గుంత తవ్వి చూశారా అని అడిగితే మాత్రం జవాబు లేదు. సిమెంటు బస్తా దిగకముందే జరగాల్సిన పని అది. గోడలను మోసేదీ, సెప్టిక్ ట్యాంకు నీళ్ళను తాగేదీ, పెరట్లో చెట్టును బతికించేదీ ఒకటే మట్టి.

శంషాబాద్ నుంచి షాద్‌నగర్ దాకా హైవే పక్కన పైకి కనిపించేది చాలావరకు ఎర్ర చెల్క. పైన కొద్దిపాటి చెల్క, కింద మొరం, ఆ కింద పగుళ్ళు పడ్డ బండ, అన్నిటికీ అడుగున దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గట్టి గ్రానైటు. మీకు దగ్గర్లోనే ఉన్న మహేశ్వరంలో సుమారు 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతాన్ని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), ఫ్రాన్స్ భూగర్భ పరిశోధన సంస్థ బీఆర్‌జీఎం కలిసి ఏళ్ళ తరబడి పరిశీలించాయి. 1999లో మొదలైన ఇండో-ఫ్రెంచ్ భూగర్భజల కేంద్రం పని అది. ఒకప్పుడు మొరం పొర నీళ్ళు దాచుకునేది. బోర్లు పెరిగి అది ఎండిపోయింది. ఇప్పుడు బోర్లకు నీళ్ళిస్తున్నది దాని కిందున్న పగుళ్ళ బండే.

సెప్టిక్ ట్యాంకు సంగతి ఇక్కడే ముడిపడుతుంది. ట్యాంకు దాటిన మురికినీరు మట్టిలో మెల్లగా ఇంకితే, అందులోని సూక్ష్మజీవులు దాన్ని చాలామటుకు శుభ్రం చేస్తాయి. బండ పగులుకు ఆ శక్తి లేదు. ఆ నీరు ఇంకడానికి సోక్‌పిట్ (ఇంకుడు గుంత) తవ్వేవాళ్ళు పగుళ్ళ బండ తగిలేదాకా పోయి, నీళ్ళు గటగటా తాగేస్తోందని సంబరపడతారు. భయపడాల్సింది అప్పుడే. ఆ నీళ్ళు చేరేది పక్కింటి బోరుకో, మీ బోరుకో.

భారత ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం సోక్‌పిట్‌కూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు, ఇంటికీ దానికీ మధ్య 6 మీటర్లు ఉండాలి. 18 మీటర్లంటే 59 అడుగులు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న 200 గజాల ప్లాటులో ఒక కొస నుంచి ఇంకో కొసకు పోతే గానీ ఆ దూరం రాదు! అందుకే బోరు పాయింటు చూపించే ముందే సోక్‌పిట్ చోటు తేల్చుకోవాలి. పక్క ప్లాట్లవాళ్ళ బోర్లు ఎక్కడున్నాయో కూడా అడిగి రా.

నేల ఎంత నీరు తాగుతుందో కొలవడం కష్టమేం కాదు. సోక్‌పిట్ వచ్చే లోతులో చిన్న గుంత తీసి, నీళ్ళు పోసి రాత్రంతా నాననివ్వాలి. మర్నాడు మళ్ళీ నీళ్ళు పోసి, మట్టం 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూడాలి. 30 నిమిషాల్లోపు దిగితే సోక్‌పిట్ పనిచేస్తుంది. గంట దాటితే ఆ ఆలోచన మానుకుని వేరే ఏర్పాటు అడగాలి. పోసిన నీళ్ళు చూస్తుండగానే మాయమైతే కింద పగులుందేమో చూసుకోవాలి.

పునాదికి మొరం మంచిదే. చిక్కల్లా పల్లంలో, కుంటల పక్కన కనిపించే నల్లరేగడితో. మా ఇంటి వంటగది గోడ పగులు చిన్నప్పుడు నువ్వు చూసిందే. ఎండాకాలంలో వేలు దూరేది, వానల్లో మూసుకునేది. రేగడిలోని బంకమన్ను తడికి ఉబ్బి, ఎండకు ముడుచుకుపోతుంది. అనుమానముంటే ల్యాబులో చిన్న పరీక్ష ఉంది. 10 గ్రాముల మట్టిని నీళ్ళలో, మరో 10 గ్రాములను కిరోసిన్‌లో 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్ళలోది ఎంత ఎక్కువ పెరిగితే అంత ప్రమాదం. రేగడి పలచగా ఉంటే ఫుటింగును దాని కిందున్న మొరం దాకా దించాలి. నీ జాగ పైన ఎర్రమట్టి పోసి చదును చేసిన పాత కుంట శిఖం (కుంట అడుగు నేల) అయితే ఆ రంగు చూసి మోసపోవద్దు. ఊరి నక్షాలో ముందే చూసుకో.

తోట మాటకొస్తే, ఎర్ర చెల్కలో సత్తువ తక్కువ, నీళ్ళు నిలవవు. అయినా అదే హైవే మీద షాద్‌నగర్ దాటాక వచ్చే బాలానగర్ పేరుతోనే దేశమంతా ఒక సీతాఫలం రకం ఉంది. రాళ్ళనేలను ఓర్చుకునే చెట్టది, ముందు దాన్నే పెట్టు. ఏ చెట్టయినా నాటే ముందు గుంత అడుగు కూడా చూడాలి. అమెరికాలోని అరిజోనా ఎడారిలో ఇల్లు కొన్నవాళ్ళకు ‘కలీచీ’ అనే సున్నపు పొర తగులుతుంది. దాన్ని పగలగొట్టకపోతే చెట్టు గుంతలో నీళ్ళు నిలిచి వేర్లు కుళ్ళిపోతాయి. మన రేగడి అడుగునా తెల్లటి సున్నపు గడ్డలుంటాయి. అవి పొరగా కట్టినచోట గడ్డపారతో పొడిచి, నీళ్ళు దిగుతున్నాయో లేదో చూశాకే మొక్క నాటాలి.

పునాది తవ్వేటప్పుడు జేసీబీ అడుగు మొరాన్ని తెచ్చి పైమట్టి మీద పోసేస్తుంది. ఆ తర్వాత ఎంత ఎరువు వేసినా మొక్క గిడసబారిపోతుంది. పైనున్న చెల్కను ముందే విడిగా ఒక మూలన కుప్ప పోయించు. జేసీబీ ఏ రోజు వస్తుందో ఫోన్ చేసి చెప్పు. మొదటి గుంత దగ్గరికి మామయ్య గడ్డపారతో వస్తాడు.

ఇట్లు,
మీ మామయ్య