ఫిజీలో బీచ్ దాటితే

ప్రశ్న: మే నెలలో అమ్మానాన్నలతో ఫిజీ వెళ్తున్నాం. బీచ్‌లు కాక ఇంకేం చూడొచ్చు? – ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: మంచి నెలే ఎంచుకున్నారు. తుపాన్ల కాలం ఏప్రిల్‌తో ముగుస్తుంది. విమానం దిగే నాండీలోనే శివసుబ్రహ్మణ్యస్వామి గుడి ఉంది. గోపురం, రంగుల శిల్పాలు చూస్తే మన పెద్దవాళ్లకు ఇల్లు చేరినట్టుంటుంది. 1903 నుంచి మద్రాసు ఓడల్లో ఇక్కడి చెరకు తోటల కూలీకి వెళ్లినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. నాండీకి దగ్గర్లోని సబేటో వేడినీటి గుంటల్లో బురద స్నానం సరదాగా ఉంటుంది. మామనూకా దీవులకు డెనరావు రేవు నుంచి పడవలుంటాయి. పగడపు దిబ్బలు చూడాలంటే అటు వెళ్లొచ్చు. సింగటోకా ఇసుక దిబ్బలు ఎక్కడం పెద్దవాళ్లకు కష్టం, మానేయండి. పల్లెలకు వెళ్తే గ్రామపెద్దకు కావా అనే పానీయం చేసే వేళ్ల కట్ట ఇవ్వడం ఆచారం. అక్కడ టోపీ తీసేయండి, భుజాలు కప్పుకోండి.