ఆపత్కాలంలో పగ్గాలు ఎవరి చేతికి? వైద్యునికా, పాలనాదక్షునికా?

కలం గొప్పదా, కత్తి గొప్పదా? పల్లె మేలా, పట్నం మేలా? విజ్ఞానశాస్త్రం వరమా, శాపమా? వక్తృత్వపు పోటీలకు ఇటువంటి విషయాలివ్వడం మన కళాశాలల్లో చిరకాలంగా వస్తున్న ఆచారం. ఎవరే పక్షం తీసుకున్నా చప్పట్లు పడతాయి, బహుమతులు పంచుతారు, అందరం ఇంటికి పోతాం. ప్రజారోగ్యానికి ఆపద వచ్చినప్పుడు నాయకత్వం వహించవలసింది వైద్యుడా, పాలనాదక్షుడా అనే ప్రశ్న కూడా పైకి ఆ కోవలోదిగానే కనిపిస్తుంది. కాని దీని జవాబు తప్పితే పోయేది బహుమతి కాదు, ప్రాణాలు. అందుచేత మన చుట్టుపట్ల నిజంగా జరిగిన సంగతులను ముందు పెట్టుకొని దీనిని పరిశీలిద్దాం.

ముందుగా ఆపద అనేదాన్ని విడదీసి చూడాలి. అంటురోగం గాని, విషప్రభావం గాని ఒక ఊరిని పట్టుకొన్నప్పుడు చేయవలసిన పనులు మూడు. మొదటిది, అదేమిటో, ఎక్కడినుంచి వచ్చిందో తేల్చడం. రెండవది, మంచాలు, మందులు, బళ్లు, మనుషులు, మంచినీళ్లు వేళకు చేర్చడం. మూడవది, ప్రజలకు ఉన్నదున్నట్లు చెప్పడం. మొదటిది శాస్త్రం. రెండవది నిర్వహణ. మూడవదానికి రెండూ కావాలి, వాటికి తోడు ధైర్యం కావాలి.

ఏలూరు నేర్పిన పాఠం

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు వన్‌టౌన్ ప్రాంతంలో జనం ఉన్నట్టుండి కళ్లు తిరిగి, మూర్ఛ వచ్చి పడిపోసాగారు. కొద్ది రోజుల్లోనే బాధితుల సంఖ్య 600 దాటింది. ఒకరు మరణించారు. అప్పటికే కోవిడ్‌తో ఆసుపత్రులు సతమతమవుతున్న కాలమది. అయినా అంబులెన్సులు తిరిగాయి, ఏలూరు ప్రభుత్వాసుపత్రిలో పడకలు వేశారు, కష్టంగా ఉన్నవారిని విజయవాడ, గుంటూరు పెద్దాసుపత్రులకు పంపారు. చాలామంది త్వరలోనే కోలుకొని ఇళ్లకు చేరారు. నిర్వహణ మాట చెప్పుకోవాలంటే పని జరిగిందనే అనాలి.

కాని "ఏమిటీ జబ్బు?" అని జనం అడిగితే దానికి జవాబు కలెక్టరుగారి దగ్గర ఉండదు, మంత్రిగారి దగ్గరా ఉండదు. రక్తం, నీరు, పాలు, కూరగాయల నమూనాలు ఎయిమ్స్‌కు, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు, సి.సి.ఎం.బి.కి, మరికొన్ని ప్రయోగశాలలకు వెళ్లాయి. బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ముందు తెలిసింది. ఆ నెల 16వ తేదీ నాటికి, పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చునని నిపుణులు ప్రభుత్వానికి చెప్పారు. అవి మనుషుల ఒంట్లోకి ఏ దారిన చేరాయో మాత్రం అప్పటికి తేలలేదు. ప్రభుత్వం వేసిన 21 మంది కమిటీకి అధ్యక్షత ప్రధాన కార్యదర్శిది, సభ్యులలో వైద్యులు, శాస్త్రజ్ఞులు ఉన్నారు. అనగా ఆ రోజు మన రాష్ట్రం ఎంచుకున్న పద్ధతి ఇది: పీఠం పాలకునిది, నిర్ధారణ శాస్త్రజ్ఞునిది.

శాస్త్రం లేని నిర్వహణ

నిర్ధారణ లేకుండా నిర్వహణ ఒక్కటే ఉంటే ఏమవుతుందో మన ప్రాంతపు రైతుబిడ్డలకు వేరే చెప్పనక్కరలేదు. 2021-22 పంటకాలంలో మిరప తోటల మీద నల్ల తామరపురుగు పడింది. మా ఇంట్లో నిర్వహణకేమీ లోటు రాలేదు. అప్పు తెచ్చాం, కూలీలను కుదిర్చాం, స్ప్రేయరు బాగుచేయించాం, వారం తిరగకుండా మందు కొట్టాం. ఏ మందు కొట్టాలో మాత్రం కొట్టాయన చెప్పిందే వేదం. ఒకటి పనిచేయకపోతే రెండు కలిపి కొట్టాం. చివరకు పూత రాలింది, బాకీ మిగిలింది. ఆ పురుగు పువ్వులో దాక్కుంటుందని, ఇష్టం వచ్చినట్లు మందులు కొడితే దాన్ని తినే మిత్రపురుగులే ముందు చస్తాయని, నీలిరంగు జిగురు అట్టలు పెట్టాలని తరువాత తెలుసుకున్నాం. చాకిరీ అంతా సక్రమంగానే జరిగింది, రోగం పోల్చుకోవడమే జరగలేదు. తోట విషయంలో ఇది అప్పుతో పోయింది. ఊరి విషయంలో అట్లా పోదు.

నిర్వహణ లేని శాస్త్రం

దీనికి ఎదురు ఉదాహరణ కూడా దూరంగా లేదు. 2018 మార్చిలో గుంటూరు నగరంలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. తాగేనీటి గొట్టాలలో మురుగునీరు కలవడమే మూలమని బయటపడింది. అతిసారం వైద్యశాస్త్రానికి కొత్తది కాదు. అది ఎట్లా వస్తుందో, ఎట్లా తగ్గుతుందో మన జీవశాస్త్రం పుస్తకంలోనే ఉంది. కాని ఎంత పెద్ద డాక్టరైనా రోగికి సెలైను పెట్టగలడు గాని వీధి తవ్వి గొట్టం మార్చలేడు. ఆ పనికి ఇంజనీరు కావాలి, నిధులు కావాలి, "ఈ రాత్రికి పూర్తి కావాలి" అని చెప్పగల అధికారం కావాలి.

ఇద్దరు నాయకులు, ఒకే పని

1994 సెప్టెంబరులో సూరత్ నగరంలో ప్లేగు వచ్చింది. లక్షల జనం రైళ్లెక్కి ఊరు విడిచిపోయారు. టెట్రాసైక్లిన్ మాత్రలతో వైద్యులు రోగాన్ని అదుపుచేశారు. కాని చెత్త, ఎలుకలు, మురుగు ఎక్కడివక్కడే ఉన్నాయి. 1995 మే నెలలో అక్కడికి మునిసిపల్ కమిషనరుగా వచ్చినవారు శ్రీ సూర్యదేవర రామచంద్రరావు. ఇంటిపేరు వింటేనే మనవారని తెలుస్తుంది. ఆయన వైద్యులు కారు, ఐ.ఎ.ఎస్. అధికారి. నగరాన్ని ఆరు మండలాలుగా చేసి, ఒక్కొక్క మండలం అధికారికి కమిషనరు అధికారాలు అప్పగించారు. ఎ.సి. గదులలోని అధికారులను రోజూ వీధులలోకి దింపారు. ఆ పద్ధతికి "ఎ.సి. నుంచి డి.సి.కి" అని పేరు వచ్చింది. డి.సి. అంటే డైలీ చోర్స్, అనగా రోజువారీ పనులు. ఏడాదిన్నర తిరిగేసరికి సూరత్ దేశంలో చండీగఢ్ తరువాత రెండవ పరిశుభ్ర నగరంగా పేరు పొందింది.

ఇక మన సత్తెనపల్లి సంగతి. 2014లో ఇక్కడినుంచి శాసనసభకు ఎన్నికై సభాపతి అయిన కీ.శే. డాక్టర్ కోడెల శివప్రసాదరావు వృత్తిరీత్యా శస్త్రవైద్యులు, నరసరావుపేటలో వైద్యం చేసినవారు. 2015లో ఆయన ఈ నియోజకవర్గంలో ఇంటింటికీ మరుగుదొడ్డి ఉండాలని ఉద్యమం నడిపారు. దానికి కావలసినది శస్త్రచికిత్స కాదు. ఇటుక, సిమెంటు, తాపీమేస్త్రీలు, ఊరూరా తిరిగి ఒప్పించే ఓపిక కావాలి. ఒకరు వైద్యం చదవనివారు, మరొకరు వైద్యులు. ఇద్దరూ చేసినది ఒక్కటే పని. పట్టా ఏదన్నది ఇక్కడ అడ్డు రాలేదు.

ఈ రెండు గుణాలూ ఒక్క మనిషిలోనే కలిసిన సందర్భమూ ఉంది. 1971 బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. సెలైను సీసాలు అయిపోయాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, పంచదార వంటివి పాళ్లు కట్టి నీళ్లలో కలిపి, రోగి బంధువుల చేతికే ఇచ్చి తాగించమన్నారు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ఏమివ్వాలో చెప్పింది శాస్త్రం. నర్సులు చాలనిచోట తల్లినే నర్సుగా చేయవచ్చునని తెలుసుకోవడం నిర్వహణ.

మరి తీర్పు ఏమిటి?

మహలనబిస్ వంటివారు ప్రతి జిల్లాలో దొరకరు కాబట్టి నా అభిప్రాయం ఇది. పగ్గాలు పని నడిపించగలవాని చేతిలో ఉండవచ్చు, ఆయన వైద్యుడే కానక్కరలేదు. కాని మూడు షరతులున్నాయి. ఒకటి, రోగమేమిటో, కారణమేమిటో చెప్పే హక్కు ఆయనది కాకూడదు. అది వైద్యునికి, ప్రయోగశాలకు వదలాలి. రెండు, వారు చెప్పినది చేదుగా ఉన్నా ఏ రోజుకారోజు ప్రజలకు తెలియాలి. "ఇంకా తేలలేదు" అన్నమాట కూడా దాచకూడదు. మూడు, రోగులు ఇళ్లకు వెళ్లడంతో పని అయిపోయిందనుకోకూడదు. సూరత్‌లో అసలు పని మొదలైంది రోగం తగ్గాకనే.

ఈ మూడవ షరతు మనబోటి విద్యార్థులకు బాగా దగ్గర. ఏలూరులో అనుమానం పడినది పురుగుమందుల మీద. దేశంలో పత్తికి, మిరపకు పేరుపడిన ఈ నేలలో ఆ డబ్బాలు లేని రైతు ఇల్లుంటుందా? మన పొలాల గట్ల మీద, కాలువల పక్కన ఖాళీ సీసాలు పడి ఉంటాయి. ఆ కాలువ నీళ్లే గొడ్లు తాగుతాయి. రేపు అటువంటి ఆపద మన ఊళ్లోనే వస్తే, పై నుంచి వచ్చే అధికారి మొట్టమొదట అడిగేది, ఇక్కడ ఏ మందు ఎంత వాడుతున్నారు, నీటిలో ఏమి కలుస్తున్నది అని. ఆ లెక్క రాసిపెట్టే పనికి డాక్టరు పట్టా అక్కరలేదు, కలెక్టరు ఉద్యోగమూ అక్కరలేదు. రసాయనశాస్త్రం చదువుతున్న మనం సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మొదలుపెట్టవచ్చు. ఈ సంవత్సరం నేను మా పొలంతోనే మొదలుపెడుతున్నాను.