పొట్టి గిటారు, మంద్ర స్వరం

తీగ పొడవు తగ్గితే స్వరం హెచ్చుతుందని సోనోమీటరు ప్రయోగంలో చూశారు కదా! మరి పొట్టి బేస్ గిటారు మంద్రస్వరం ఎలా పలుకుతుంది?

మామూలు బేస్ గిటారులో మోగే తీగ పొడవు 34 అంగుళాలు. పొట్టిదానిలో 30 అంగుళాలే. బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్ నగరంలో కొన్న హాఫ్నర్ గిటారు ఇలాంటిదే. అయినా రెండింటిలోనూ అన్నిటికన్నా లావుతీగ సెకనుకు సుమారు 41 సార్లే కంపిస్తుంది.

కిటుకంతా బిగువులో ఉంది. ఒకే రకం తీగను ఒకే స్వరానికి శ్రుతి చేస్తే, కావలసిన బిగువు పొడవు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 30ని 34తో భాగించి వర్గం చేయండి. 0.78 వస్తుంది. అంటే బిగువు 22 శాతం తక్కువన్నమాట!

అందుకే తీగ వేలికి మెత్తగా లొంగుతుంది. మెట్లు కూడా దగ్గరగా ఉంటాయి కాబట్టి చిన్న చేతులకు సులువు. కాని నాదగుణం మారుతుంది. బిగువైన పొడుగుతీగ ఖంగుమంటుంది. వదులైన పొట్టితీగలో పై అనుస్వరాలు తగ్గి, నాదం గుండ్రంగా, మెత్తగా వినిపిస్తుంది. ఒకటి మేలు, మరొకటి కీడు అని కాదు. పాటను బట్టి ఎంపిక.

ఇప్పుడు మీ వంతు. సోనోమీటరు తీగను 60 సెంటీమీటర్ల వద్ద ఒక శృతిదండంతో కలపండి. తరువాత 30 సెంటీమీటర్ల వద్ద అదే శృతిదండంతో కలపండి. బరువు ఎన్నో వంతుకు తగ్గించాల్సి వచ్చింది?