బల్లరంపాలు – వాటి భేదాలు

చేతిరంపాన్ని చెక్కపై నడుపుతాము. బల్లరంపంలో చెక్కనే రంపం మీదికి నడుపుతాము. బల్ల నడిమి సందులో నుండి పైకి లేచిన గుండ్రని బ్లేడును మోటారు త్రిప్పుతుంది. ఆ మోటారు ఎక్కడ ఉన్నదో గమనిస్తే వీటి భేదాలు మనకు సులభంగా బోధపడతాయి.

మొదటిది మోసుకొని పోదగిన చిన్న రంపం. ఇల్లు కట్టే చోట ఇది అనుకూలమే గాని, బరువు తక్కువ కనుక పెద్ద చెక్కను పెట్టినప్పుడు అదురుతుంది, చప్పుడూ అధికం. రెండవదానిలో మోటారు వెనుక వ్రేలాడుతూ బెల్టుతో బ్లేడును త్రిప్పుతుంది. మూడవదానిలో మోటారు బల్ల క్రింది పెట్టెలోనే అమరి ఉంటుంది. పోత ఇనుప బల్ల బరువు వలన అదురు తక్కువ. సాధారణంగా 3 నుండి 5 అశ్వశక్తుల మోటారుతో మందమైన టేకును సైతం కోయగలదు. నాలుగవది జారుబల్ల రంపం. దీనిని 1906లో జర్మనీ వడ్రంగి విల్హెల్మ్ ఆల్టెన్‌డార్ఫ్ రూపొందించాడు. చెక్కతోపాటు బల్ల భాగమే జరుగుతుంది కనుక పెద్ద ప్లైవుడ్ పలకలకు ఇదే తగినది.

రకమేదైనా ప్రమాదం ఒక్కటే. కోసిన చెక్క రెండు వైపులా దగ్గరపడి బ్లేడు వెనుక పళ్లకు చిక్కితే, అది పనివాని మీదికే ఎగిరివస్తుంది. చేయి బ్లేడు వైపు లాగబడవచ్చు. దానిని నివారించేది బ్లేడు వెనుక నిలిచే పలుచని ఉక్కు పలక. పని తొందరలో దానిని ఊడదీయడం వ్రేళ్లను పణంగా పెట్టడమే. వెలను బట్టి రంపాన్ని ఎన్నుకొనవచ్చును. ఆ పలక లేని రంపాన్ని మాత్రం ఎన్నుకొనరాదని మా మనవి.