అలవాట్లు – ఆరోగ్యం

మశూచి, కలరా వంటి అంటువ్యాధులు ఒకప్పుడు గ్రామాలకు గ్రామాలనే తుడిచిపెట్టేవి. టీకాలు, పరిశుభ్రమైన నీరు, మెరుగైన వైద్యం వాటి విజృంభణను అరికట్టాయి. ప్రపంచంలో మశూచి పూర్తిగా అంతరించిందని 1980లో ప్రకటించారు. కాని, నేడు వేరొక కోవకు చెందిన వ్యాధులు మానవుణ్ణి పీడిస్తున్నాయి. మధుమేహం, అధిక రక్తపోటు, గుండెజబ్బులు ఒకరి నుండి మరొకరికి అంటుకోవు, ఒక్కరోజులో పుట్టవు. ఏళ్ల తరబడి దేహంలో నిశ్శబ్దంగా పెరుగుతాయి. వీటినే దీర్ఘకాలిక వ్యాధులు అంటారు. మన దైనందిన అలవాట్లకూ వీటికీ గల సంబంధాన్ని గ్రహించడానికి మధుమేహం చక్కని ఉదాహరణ.

మనం తిన్న అన్నం, రొట్టె జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతాయి. క్లోమగ్రంథి స్రవించే ఇన్సులిన్ ఆ గ్లూకోజు కణాలలోకి చేరడానికి తోడ్పడుతుంది. శరీరశ్రమ లోపించి, నడుము చుట్టూ కొవ్వు పేరుకొన్నప్పుడు కణాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించవు. క్లోమం మరింత శ్రమించి ఆ లోటును పూరిస్తుంది. కొన్నేళ్లకు అదీ అలసిపోతుంది. అప్పుడు రక్తంలో చక్కెర పెరిగి కళ్లు, మూత్రపిండాలు, నరాలు, గుండె క్రమంగా దెబ్బతింటాయి. ఇది రెండవ రకం మధుమేహం. ఎక్కువగా చిన్న వయసులో బయటపడే మొదటి రకానికి అలవాట్లు కారణం కావు.

ఈ సంగతి మన ప్రాచీనులకు తెలియనిది కాదు. సుశ్రుతసంహిత ప్రమేహాన్ని పుట్టుకతో వచ్చేది, అపథ్యం వలన వచ్చేది అని రెండు విధాలుగా విభజించింది. కాలినడకన దూరప్రయాణం, బావి త్రవ్వడం వంటి శ్రమను చికిత్సలో భాగంగా సూచించింది.

ఆధునిక పరిశోధన ఈ భావనను అంకెలతో పరీక్షించింది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చెన్నైలో జరిపిన మధుమేహ నివారణ అధ్యయనం ఫలితాలు 2006లో వెలువడ్డాయి. అందులో 531 మంది పాల్గొన్నారు. వారికి అప్పటికి మధుమేహం లేదు. కాని రక్తంలో చక్కెర ఉండవలసిన దానికంటె ఎక్కువగా ఉంది. సాధారణ సలహాతో సరిపెట్టిన వారిలో మూడేళ్లలో నూటికి 55 మంది వ్యాధిగ్రస్తులయ్యారు. నడక, ఆహారనియమం అలవరచుకొన్న వారిలో ఆ సంఖ్య సుమారు 39 మాత్రమే. మందు వాడిన వారిలోనూ ఫలితం ఇంచుమించు ఇంతే.

ఈ అంకెలు రెండు సత్యాలను బోధిస్తాయి. అలవాట్లు మార్చుకొంటే ఎందరో వ్యాధి నుండి తప్పించుకోగలరు. అయినా కొందరు తప్పించుకోలేరు. వంశపారంపర్య ప్రభావం అంత బలమైనది. కనుక రోగిని చూసి ‘చేజేతులా తెచ్చుకొన్నాడు’ అని నిందించడం అవివేకం, అమానుషం కూడ.

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి, 2023లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని పూర్వదశలో ఉన్నారు. ఆ రెండవ వర్గం వారిలో చాలామందికి వ్యాధిని నివారించుకొనే అవకాశం ఇంకా మిగిలే ఉంది.

విద్యార్థులు ఉదయం నుండి రాత్రి వరకు పుస్తకాల ముందు కూర్చుంటారు. పరీక్షల పేరిట ఆటలు మానేస్తారు, నిద్ర తగ్గిస్తారు, ఆకలికి చిప్సు, దాహానికి శీతలపానీయం ఆశ్రయిస్తారు. అయిదు నుండి పదిహేడేళ్ల వయసు వారికి రోజుకు సగటున గంటసేపైనా శరీరశ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. పళ్లెంలో అన్నం కొంత తగ్గించి పప్పు, ఆకుకూరలు, కూరగాయలు పెంచడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. పొగాకు జోలికి పోకపోవడానికి అసలు ఖర్చే లేదు. అయితే, ఆడుకోవడానికి మైదానం, నడవడానికి అనువైన బాట కల్పించవలసిన బాధ్యత విద్యాసంస్థలది, సమాజానిది.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్నారు పెద్దలు. నలభై ఏళ్ల వయసులో వైద్యుడు చెప్పగా బలవంతాన మొదలుపెట్టే నడకకంటె, పదహారేళ్ల ప్రాయంలో ఇష్టంతో అలవడిన ఆట మేలు. అది జీవితాంతం తోడుగా నిలుస్తుంది.