బుజ్జికి, క్యూ కర్ర చేయించుకునే ముందు

పెనుమూడి

చి. బుజ్జికి,



నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలన్నీ మీ నాన్న ఫోన్లో పెద్దవి చేసి చూపించాడు. ముగ్గురు క్యూ కర్రలు చేసేవాళ్లు, వాళ్ల కర్రలు, ధరలు. "ఎవరికి ఆర్డరివ్వమంటావు తాతయ్యా" అని అడిగావు. ఫోన్లో చెబితే ఊఁ ఊఁ అని వదిలేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నా.

ముందొక మాట. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో నేనాడింది బిలియర్డ్స్, స్నూకర్. నువ్వు డాలస్‌లో ఆడేది పూల్. బంతే వేరు: స్నూకర్ బంతి 52.5 మిల్లీమీటర్లు, మీది 57 పైచిలుకు. కర్రా వేరే. మాది యాష్ చెక్క, కొస తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. మీది మేపుల్, కొస పన్నెండున్నర నుంచి పదమూడు. కాబట్టి నా చేతి అలవాటు నీమీద రుద్దను. ఇంకోమాట, స్నూకర్ పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్‌పూర్‌లో సైనికాధికారులు కాలక్షేపానికి మొదలుపెట్టారు, 1882లో ఊటీ క్లబ్బులో నిబంధనలు రాసి పెట్టారు. మీ అమెరికా క్లబ్బులో ఎవరైనా గొప్పలు పోతే ఈ ముక్క చెప్పు.

ఇక అసలు సంగతి. మొదటివాడి కర్ర చూడముచ్చటగా ఉంది. పిడి నిండా ముత్యపుచిప్ప పొదుగులు, వెండి రింగులు, ఎబొనీలో దిగిన కోణాలు. ఒక్కో కోణానికీ చుట్టూ మూడు రంగుల పల్చటి పొరలు. పనితనం కాదనలేం. కానీ ఆ ధరలో ముప్పాతిక భాగం పొదుగులకే పోయినట్టుంది. బంతికి తగిలేది పిడి కాదురా, ముందుండే షాఫ్టూ దాని చివరి తోలూ. పొదుగు లేని కర్ర అడిగితే ఎంతంటాడో కనుక్కో. "పొదుగుల్లేకుండా నేను చేయను" అంటే వాడికి నగిషీ మీదున్న ప్రేమ ఆట మీద లేదన్నమాట.

షాఫ్ట్ ఎలా తయారవుతుందో తెలిస్తే ఎవరిని ఏమడగాలో నీకే తడుతుంది. మేపుల్ చెక్కను లేత్ మీద ఒక్క రోజులో సన్నం చేసేయవచ్చు. ఆ కర్ర మూణ్ణెల్లకే వంకర తిరుగుతుంది. తెలిసినవాడు కొంచెం తీసి వేలాడదీస్తాడు. కొన్ని వారాలాగి మళ్లీ కొంచెం తీస్తాడు. తీసిన ప్రతిసారీ చెక్క లోపలి బిగువు సడలి ఏదో ఒక వైపుకు వాలుతుంది. ఆ వాలడం అయిపోయేదాకా ఆగి మళ్లీ తీస్తాడు. అలా నెలలు, ఒక్కోసారి ఏళ్లు. మధ్యలో వంగినవాటిని పక్కన పారేస్తాడు. అందుకని "ఎన్నాళ్లకిస్తారు" అని అడగడం కంటే "మీ దగ్గర ఇప్పుడు ఆరుతున్న షాఫ్టులు ఎన్నేళ్లవి" అని అడుగు. రెండోవాడు ఆరు వారాల్లో ఇస్తానన్నాడన్నావు. ముందే ఆరబెట్టిన షాఫ్టులుంటే సరే, తప్పులేదు. లేకపోతే మాత్రం వద్దు.

మూడోవాడి సంగతి. వాడి మీద నీకు విసుగొచ్చింది. "ధర చెప్పమంటే నన్నే ప్రశ్నలడుగుతున్నాడు" అన్నావు. ఇప్పుడు వాడుతున్న కర్ర బరువెంత, బరువు ఎక్కడ నిలబడుతుంది, వెనక చెయ్యి ఎక్కడ పట్టుకుంటావు, ఎనిమిది బంతుల ఆటా తొమ్మిది బంతుల ఆటా, ఏ షాఫ్ట్‌కు అలవాటుపడ్డావు. నాకైతే వాడే నచ్చాడు. ఎందుకో విను.

మీ మేనత్తకు చిన్నప్పుడు వీణ చేయిద్దామని బొబ్బిలి పక్కన గొల్లపల్లి వెళ్లాను. బొబ్బిలి వీణలు అక్కడే చేస్తారు. పనస మొద్దు ఒక్కటే తీసుకుని కుండా దండీ కలిపి తొలిచే ఏకాండ వీణలవి. నేను డబ్బు సంచీ పట్టుకుని నిలబడ్డా. ఆ పెద్దాయన వీణలేవీ చూపించలేదు. "పాపది ఏ శ్రుతి? కూర్చుంటే మోకాలు ఎంత ఎత్తొస్తుంది? గురువెవరు?" అని అడిగాడు. నేను తడబడితే "పాపను తీసుకురండి" అని పంపేశాడు. రెండోసారి దాన్ని తీసుకెళితే చేతులు చూశాడు, వేళ్లు చాపమన్నాడు, ఒక పాత వీణ ఇచ్చి కాసేపు వాయించమన్నాడు. అంతా అయ్యాకే ధర మాట. మైనం మీద మెట్లు కూర్చేటప్పుడు ప్రతి మెట్టునూ మీటి, చెవి ఒగ్గి వింటూ వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపాడు. ఆ వీణ మీ మేనత్త ఇంట్లో ఇప్పటికీ మోగుతోంది. మీ మూడోవాడు కూడా ఆ జాతివాడే అనిపిస్తోంది.

వాడికి జవాబులివ్వాలంటే ముందు నీ సంగతి నీకు తెలియాలి. పూల్ కర్రలు సాధారణంగా 58 అంగుళాలు, 18 నుంచి 21 ఔన్సులు. క్లబ్బులో నలుగురి కర్రలు అడిగి తీసుకుని ఒక్కోదానితో ఒక్కో సాయంత్రం ఆడు. కర్రను వేలి మీద అడ్డంగా పెట్టి ఎక్కడ సమంగా నిలుస్తుందో చూడు, కింది కొస నుంచి అక్కడికి కొలిచి రాసుకో. పద్దెనిమిది, పంతొమ్మిది అంగుళాల దగ్గర ఉంటుంది మామూలుగా. అర అంగుళం తేడా కూడా చేతికి తెలుస్తుంది.

నీ దగ్గర కార్బన్ షాఫ్ట్ ఉందన్నావు కదా, అది ముఖ్యం. తెల్లబంతిని పక్కన కొట్టినప్పుడు అది నువ్వు గురిపెట్టిన గీత వదిలి కాస్త అవతలికి తప్పుకుంటుంది. కొస బరువు తగ్గేకొద్దీ ఆ తప్పు తగ్గుతుంది. 1994లో ప్రెడేటర్ వాళ్లు ఇందుకనే అతుకు చెక్కల షాఫ్ట్ తెచ్చారు, ఆ తర్వాత కార్బన్ వచ్చింది. ఒంటి మేపుల్ షాఫ్ట్ చేతికి హాయిగా ఉంటుంది, చప్పుడు కమ్మగా ఉంటుంది, కానీ బంతిని ఎక్కువ పక్కకు తోస్తుంది. కార్బన్‌కు కుదిరిన నీ గురి మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి పిడీ షాఫ్టూ కలిసేచోట మరచుట్టు నీ కార్బన్ షాఫ్ట్‌కు సరిపోయేదే పెట్టించు. ఎవరూ వాడని సొంత మర పెట్టేవాడైతే ప్రతి చిన్నదానికీ జీవితాంతం వాడి దగ్గరకే పరిగెత్తాలి.

పేరున్నవాడి కర్ర కొంటే రేపు అమ్ముకున్నా లాభమే అన్నావు. అలా పేరుపడ్డ జార్జ్ బలబుష్కా అనే ఆయన రష్యాలో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడ్డాడు, వడ్రంగి. 1959 నుంచి 1975లో పోయేదాకా కర్రలు చేశాడు. మొదట్లో బ్రన్స్‌విక్ వాళ్ల పాత కర్రల పిడి చెక్కనే తీసుకుని పని చేశాడు. ఇవాళ ఆ కర్రల రేటు చెప్పతరం కాదు. 1986లో వచ్చిన 'ది కలర్ ఆఫ్ మనీ' సినిమాలో ఆయన కర్ర అని చూపించింది నిజానికి జాస్ కంపెనీ కర్ర. అసలుది పాడైతే ఎవరు కడతారు మరి! ఆడటానికి భయపడే కర్ర నీకెందుకురా. అమ్ముకోవాలంటే బంగారం కొనుక్కో, మీ నానమ్మ సంతోషిస్తుంది.

నువ్వు అడిగిన ఎర్రచందనం ముక్క మాత్రం నేను పంపను. పిడిలో వేయించుకుంటే అందంగా ఉంటుందని తెలుసు. శేషాచలం కొండల చెట్టది. అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం, అక్కడ మీ చట్టం కూడా దొంగకలపను ఒప్పుకోదు. "ఎవరూ చూడరులే" అనకు. అట్లాగే కొన్ని పాత కర్రల్లో ఏనుగు దంతం ఉంటుంది, మోజుపడకు. చేసేవాణ్ణి ప్రతి చెక్కా ఎక్కడిదో అడుగు. రోజ్‌వుడ్ అంటే ఏ దేశం రోజ్‌వుడ్, కాగితాలున్నాయా అని అడుగు. నిజాయితీపరుడు చిరాకుపడడు.

డబ్బంతా ముందే పంపకు. కొంత అడ్వాన్సు, మిగతాది కర్ర చేతికొచ్చాక. వచ్చిన రోజే షాఫ్టునూ పిడినీ విడివిడిగా బల్ల మీద దొర్లించు, తర్వాత కలిపి దొర్లించు. విడిగా తిన్నగా ఉండి, కలిపితే ఎగిరెగిరి పడితే అతుకు ముఖాలు సరిగ్గా కోయలేదన్నమాట. అతుకు దగ్గర దీపం వెలుతురు దూరుతోందా చూడు. తేడా ఉంటే వెనక్కి తీసుకుంటానని ముందే రాసివ్వమను. తోలు అరిగితే మార్చేదెవరు, షాఫ్ట్ వంగితే ఏం చేస్తాడు, ఇవన్నీ ఆర్డరుకు ముందే తేల్చుకోవాలి. ఒక్కడే కూర్చుని చేసేవాడైతే వయసు కూడా కనుక్కో, తప్పుగా అనుకోకు. అలాంటివాడి దగ్గర రెండేళ్లయినా వరసలో నిలబడాల్సి రావచ్చు మరి.

ఒకటి మాత్రం నీ చేతిలోనే ఉంది. టెక్సాస్ ఎండలో కర్రను కారు డిక్కీలో వదిలెయ్యకు. ఆ వేడికి జిగురు వదులవుతుంది, చెక్క మెలి తిరుగుతుంది. ఎవరు చేసినదైనా అంతే.

మూడోవాడి ప్రశ్నలకు జవాబులు రాసి పంపే ముందు నాకొక కాపీ పంపు. రెండోవాణ్ణి ఆ ఆరుతున్న షాఫ్టుల సంగతి అడిగి, ఏమన్నాడో అదీ రాయి. రేపల్లె వెళ్లినప్పుడు ఇది మీ నాన్నకిస్తాను, ఫొటో తీసి పంపుతాడు.

ఉంటాను.

మీ తాతయ్య